గ్రేడ్-2 రైతు

తిరుపతమ్మ బీయెస్సీ పాసై ఇంటికొచ్చి, భుజాన సంచి దింపకముందే "నేను వ్యవసాయం చేస్తాను" అని చెప్పింది. వాళ్ళమ్మ ఆదెమ్మ చేతిలో చెంబు కింద పెట్టి, కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. దాంతో ఆవిడకు మరింత భయం వేసింది. జ్వరమైతే బిళ్ళ వేస్తే తగ్గుతుంది.

సాయంత్రం చేలో నుంచి వచ్చిన తండ్రి పిచ్చయ్యకు విషయం తెలిసింది. ఆయన కాళ్ళు కడుక్కోవడం సగంలో ఆపేశాడు.

"ఏందీ, వ్యవసాయమా? అందుకేనా నిన్ను నర్సరావుపేట హాస్టల్లో పెట్టి చదివించింది?"

"నువ్వు చేసేది అదే గదా నాన్నా."

"నేనంటే ఇంకోటి రాక చేస్తన్నా. నువ్వు అన్నీ వచ్చి చేస్తానంటన్నావు. ఊళ్ళో ఏమనుకుంటారు?"

"ఊళ్ళో అందరూ చేసేది అదేగా!"

"అందుకే అనుకుంటారు."

వేముగుంటపాడులో, సాగరు కాలవ కింద, వాళ్ళకు మూడెకరాల మిరప చేను ఉంది. తిరుపతమ్మకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ చేనంటే ఇష్టం. సెలవుల్లో వచ్చినప్పుడల్లా చదివిన కెమిస్ట్రీ అంతా ఆ సాళ్ళ మధ్య నడుస్తున్నట్టు కనపడేది. ఏ మూల నేల చవుడు తిరుగుతుందో, ఏ సాలులో ఆకు ముందు ముడుచుకుంటుందో కలలోనైనా చెప్పగలదు. డిగ్రీ పూర్తయ్యాక స్నేహితురాళ్ళంతా ఎక్కడెక్కడికి వెళ్ళాలో ఆలోచిస్తుంటే, ఆ పిల్లకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. తనకు ఆ చేను కావాలి. అంతే.

తండ్రికి మాత్రం మనసొప్పలేదు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి, అన్నాలు మిగిలిపోతున్నాయి. సరిగ్గా ఆ సమయంలో ప్రభుత్వం ఆదుకుంది.

చదువుకున్న కుర్రకారు వ్యవసాయం వైపు రావడం లేదని పైన ఎవరికో బెంగ పట్టింది. ఎందుకు రావడం లేదో కనుక్కోమని ఒక సంఘాన్ని వేశారు. ఆ సంఘం చల్లటి ఊళ్ళు కొన్ని తిరిగి వచ్చి, కుర్రకారు ఉద్యోగాలకు ఎగబడుతున్నారు గనుక వ్యవసాయాన్నే ఉద్యోగం చేసేస్తే సరిపోతుందని తేల్చింది. అలా పుట్టింది 'యువ కృషీవల నియామక పథకం'. దానికి ప్రత్యేకాధికారిగా చిదానందం గారు వచ్చారు. ఆయన అంతకుముందు తూనికలు, కొలతల శాఖలో ఉండేవారు. దేనినైనా సరే ముందు ముద్ర వేసి, ఆ తర్వాతే నమ్మే మనిషి.

మండలాఫీసు దగ్గర షామియానా వేసి సభ పెట్టారు. చిదానందం గారు మైకు సవరించుకున్నారు.

"ఇన్నాళ్ళూ మన రైతులు ఎటువంటి ఎంపిక ప్రక్రియా లేకుండా రైతులవుతూ వచ్చారు. ఇది మిక్కిలి శోచనీయం. తండ్రి రైతు కాబట్టి బిడ్డ రైతు! అర్హతలు చూసిందెవరు? ధ్రువపత్రాలు పరిశీలించిందెవరు? ఇకమీదట రైతు అనే వ్యక్తి పారదర్శకమైన పోటీ పరీక్ష ద్వారా మాత్రమే ఉత్పన్నమవుతాడు. నియామకపు ఉత్తర్వు, గుర్తింపు కార్డు, హాజరు, బదిలీ, సెలవులు అన్నీ ఉంటాయి."

"జీతమెంతండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"జీతభత్యాల విషయమై విడిగా ఉత్తర్వులు వెలువడతాయి. ప్రస్తుతానికి హోదా మంజూరైంది."

జనం చప్పట్లు కొట్టారు. పిచ్చయ్య అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. ఇంటికొచ్చే దారిలో కూతురితో అన్నాడు.

"పరీక్ష ఉందంటే ఉద్యోగమే అమ్మాయ్. ఊరికే చేస్తే వ్యవసాయం గానీ, పరీక్ష రాసి చేస్తే పరువు గదా! రాయి. నువ్వు రైతువైతే నాకంటే సంతోషించేవాడు లేడు."

దరఖాస్తుకు ఒకే షరతు. అభ్యర్థి కుటుంబానికి ఉన్న పొలాన్ని మంజూరైన పోస్టుగా ప్రకటించాలి. పిచ్చయ్య ఆనందంగా సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర, "మా చేనుకి పోస్టు పడింది" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

నర్సరావుపేటలో వెంటనే కోచింగ్ సెంటర్లు వెలిశాయి. ఒకదానికి 'అన్నదాత అకాడమీ' అని పేరు. అంతకుముందు అక్కడే కానిస్టేబుల్ పరీక్షకు తర్ఫీదు ఇచ్చేవారు గనుక పొద్దున్నే పరుగు కూడా పెట్టించేవారు. నాగలికి సంస్కృత పదం ఏది, వానపాముకు గుండెలెన్ని, భూమధ్యరేఖా ప్రాంతపు వర్షాలకు మరోపేరు ఏమిటి అని కంఠతా పట్టించారు. రైతు కావడానికి చదువుతున్నందువల్ల ఆ ఏడాది ఊళ్ళో కుర్రకారు ఒక్కరూ పొలం ముఖం చూడలేదు.

ఒకరోజు మిరప నారుమడి చూసొస్తానని తిరుపతమ్మ చెప్పులు వేసుకుంటుంటే పిచ్చయ్య కోప్పడ్డాడు.

"చేలోకొస్తే చదువు పాడైద్ది. నీకు రైతు కావాలని ఉందా లేదా?"

తిరుపతమ్మ చెప్పులు విప్పి లోపలికెళ్ళి వానపాము గుండెలు లెక్కపెట్టుకుంది.

పరీక్ష పాసైంది. ఇంటర్వ్యూలో చిదానందం గారు, ఆయనకు ఇరుపక్కలా ఒక్కో నిపుణుడు కూర్చున్నారు.

"రైతు వృత్తినే ఎందుకు ఎంచుకున్నారు?" అని అడిగారు.

దేశసేవ అని చెప్పాలని కోచింగ్‌లో నేర్పారు. అయితే తిరుపతమ్మకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. "మాకు చేను ఉందండీ. అదంటే నాకిష్టం" అంది.

నిపుణులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిదానందం గారు కలం మూత పెట్టారు.

"అంటే మీకు ఆ పొలం పట్ల వ్యక్తిగతమైన ఆసక్తి ఉందంటారు?"

"ఉందండీ."

"నిజాయితీగా ఒప్పుకున్నందుకు అభినందనలు. తగు జాగ్రత్త తీసుకుంటాం."

ఆ జాగ్రత్త ఏమిటో నియామకపు ఉత్తర్వు వచ్చాక తెలిసింది. లడ్డూలు పంచి, నుదుట బొట్టు పెట్టి, హారతిచ్చిన తర్వాత పిచ్చయ్య కవరు చింపించి చదివించుకున్నాడు. కుమారి తిరుపతమ్మను గ్రేడ్-2 రైతుగా నియమించారు. పనిచేయవలసిన స్థలం కోనసీమలో పెదలంకపాలెం. వరి.

"ఇదేందమ్మా? మన చేను మాట?" అన్నాడు పిచ్చయ్య.

కింద సన్నటి అక్షరాల్లో ఉంది. ఉద్యోగిని స్వస్థలంలో నియమించరాదు. సొంత పొలం మీద మమకారం పెరిగి నిష్పాక్షికత దెబ్బతినే ప్రమాదం కలదు.

"పోన్లే అమ్మాయ్" అన్నాడు పిచ్చయ్య. "ఉద్యోగమన్నాక ఇవన్నీ మామూలే. మేస్టర్లు పోవట్లా?"

ఆదెమ్మ మాత్రం పెట్టె సర్దుతూ ఒకే మాట అంది. "మన చేలోకి ఎవరొస్తారో కనుక్కున్నారా?"

కోనసీమ నుంచి దొరబాబు వచ్చాడు. ఎమ్మే తెలుగు. మర్యాదస్తుడు. మాట మాటకీ 'ఆయ్' అంటాడు, 'అండీ' లేకుండా వాక్యం ముగించడు. పుట్టిందీ పెరిగిందీ నీళ్ళలో. పైరు అంటే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేదని అతని నమ్మకం. వచ్చిన మొదటి వారంలోనే పిచ్చయ్య చేను చుట్టూ తిరిగి చూసి, గట్లు ఇంత పల్చగా ఉన్నాయేమిటని బాధపడ్డాడు. ఎండలో చెమటలు కక్కుతూ వాటిని ఎత్తు చేసి, గండ్లన్నీ పూడ్చాడు. కాలవ వంతు వచ్చిన రోజున నీళ్ళు పెట్టి, ఒక్క చుక్క బయటికి పోకుండా కాపలా కాశాడు.

"అయ్యా, అది మిరప. అట్టా నిలవ పెట్టకూడదు" అని పిచ్చయ్య గట్టు మీద నుంచి అరిచాడు. మర్నాడే ఆయనకు మెమో వచ్చింది. విధి నిర్వహణలో ఉన్న రైతుకు ఆటంకం కలిగించినందున భూయజమాని పొలంలో ప్రవేశించరాదని అందులో ఉంది.

అదే వారం పెదలంకపాలెంలో తిరుపతమ్మ పొద్దున్నే గట్టెక్కి చూసింది. నాటిన చేలో నీళ్ళు నిలవున్నాయి. పల్నాడు మనిషికి పైరు మొదట్లో నీరు నిలిచిందంటే ఇంట్లో దొంగ దూరినట్టే. ఇది వరి అనే సంగతి బుర్రకు తెలుసు గానీ చేతులు ఆగలేదు. పార తీసుకుని గట్టు తెంపేసింది. మధ్యాహ్నానికల్లా చేను ఆరిపోయి నెర్రెలు తీయడానికి సిద్ధమైంది. తిరుపతమ్మ తృప్తిగా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది.

ఆ పొలం గలావిడ మంగతాయారు గొడుగేసుకుని వచ్చారు.

"ఏంటమ్మా ఈ ఘోరం! చేలో నీళ్ళేవీ?"

"తీసేశానండీ."

"తీసేశావా! ఎక్కడికి తీసేశావు?"

"కాలవలోకండీ."

"కాలవలోంచి వచ్చిన నీళ్ళు కాలవలోకే తీసేశావా తల్లీ! ఊడ్పులై వారం కాలేదే, దానికింకా పాలు తాగే వయసే!"

తిరుపతమ్మ పార అక్కడే వదిలేసి గట్టు మీద కూలబడింది. తాను చేసిన పని తలకెక్కింది. తాను కొట్టిన గండి తానే పూడ్చి, మళ్ళీ నీళ్ళు మళ్ళించేసరికి తండ్రి ఫోను చేశాడు.

"అమ్మాయ్, మన చేలో చెరువు తయారైంది. పొద్దున కొంగ వాలింది."

"కొంగా?"

"మిరప చేలో కొంగమ్మా! మా తాత కూడా చూసుండడు. ఇంకో రెండ్రోజులు అట్టాగే ఉంటే వేరు కుళ్ళి మొత్తం పోద్ది. నేను దిగడానికి లేదంట. దిగితే కేసంట. ఏం చెయ్యమంటావు?"

తిరుపతమ్మ సెలవు చీటీ రాసింది. రైతులకు సాధారణ సెలవు దొరకడం తేలికే, పంట ఉన్న రోజుల్లో తప్ప. సెలవు మంజూరైందో లేదో చూడకుండా మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

ఇంటికి కూడా పోకుండా నేరుగా చేలోకి వెళ్ళేసరికి పొద్దు వాలింది. దొరబాబు గట్టు మీద కూర్చుని టిఫిను గిన్నె సర్దుకుంటున్నాడు. మొక్కలు తలలు వాల్చి నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పిచ్చయ్య రోడ్డు మీద, మెమో ప్రకారం బయట నిలబడి చూస్తున్నాడు.

"దొరబాబు గారూ, ఈ గట్టు తెంపాలండీ. ఇప్పుడే."

"ఆయ్, నిజమేనండీ. ఆకులు వేలాడేసరికి నాకూ అనుమానం వచ్చిందండీ. మా వేపు ఇలా వేలాడితే ఇంకాసిన్ని నీళ్ళు పెడతామండీ. అందుకని ఇంకాసిన్ని పెట్టానండీ."

"సరే, ఇప్పుడు తెంపండి."

"అయిదు దాటిపోయిందండీ. సాయంకాలం హాజరు వేసేశానండీ. హాజరు వేశాక పార ముట్టుకుంటే అనధికార సేద్యం కింద వస్తుందండీ. పై ఊళ్ళో ఒకబ్బాయిని సస్పెండ్ చేశారండీ, ఆదివారం పురుగు ఏరాడని."

"అయితే నేను తెంపుతా."

"బాబోయ్, మీరసలు ముట్టుకోకూడదండీ. మీరు వేరే పోస్టు రైతండీ. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయండీ." అతను నిజంగానే చేతులు జోడించాడు. "నా బాధ మీకు తెలీదండీ. మా నాన్నగారి చేలో అనంతపురం కుర్రాణ్ణి వేశారండీ. అన్ని నీళ్ళు ఒకేచోట చూసి, పాపం, గట్టు దిగట్లేదంటండీ."

"రేపు పొద్దున్నే తెంపుతారా?"

"రేపు ట్రైనింగండీ. మండలాఫీసులో. నీటి యాజమాన్యం మీదేనండీ."

మర్నాడు మండలాఫీసు తెరిచేసరికి తిరుపతమ్మ, పిచ్చయ్య, ట్రైనింగ్ కోసం వచ్చిన చిదానందం గారి గది ముందు ఉన్నారు. ఆయన సమీక్ష ముగించుకుని ఉల్లాసంగా ఉన్నారు.

"మీ రెండు పొలాల నివేదికలూ ఇప్పుడే చూశానమ్మా. ఒకదానిలో నీరు అధికం, మరొకదానిలో నీరు శూన్యం. రెండూ కలిపి సగటు తీస్తే నీటి మట్టం మిక్కిలి సంతృప్తికరంగా ఉంది. పైకి పంపించాను."

"సార్, మా చేను చచ్చిపోతోంది. నన్ను అక్కడికి బదిలీ చెయ్యండి."

"స్వస్థలానికి వీలులేదు."

"పరస్పర బదిలీ? దొరబాబు గారు ఒప్పుకుంటారు."

"ఆయనకూ అది స్వస్థలమవుతుంది గదమ్మా! ఇద్దరూ సంతోషంగా ఉన్న బదిలీని మేం అనుమానంతో చూస్తాం." ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. "ఒక్క దారి ఉంది. వివాహిత మహిళకు భర్త స్వస్థలమే స్వస్థలమవుతుంది. భర్త పనిచేసే చోటికి బదిలీ కూడా కోరుకోవచ్చు. దొరబాబును వివాహం చేసుకున్నట్లయితే, మీ స్వస్థలం కోనసీమకు మారి, మీ చేనులో పనిచేయడానికి మీకు ఏ ఆటంకమూ ఉండదు."

పిచ్చయ్య ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు. "కుర్రాడు మర్యాదస్తుడే" అన్నాడు మెల్లగా.

"నాన్నా!"

"ఏదో మాటవరసకన్నాలే."

"నీళ్ళు తీయడానికి పెళ్ళి చేసుకోమంటావా? ముహూర్తం కుదిరేలోపు మొక్కకి వేరు మిగలదు అక్కడ!" తిరుపతమ్మ అధికారి వైపు తిరిగింది. "సార్, ఒకటడుగుతాను. ఆ చేలో దిగడానికి ఎవరెవరికి హక్కుంది?"

"నియమితుడైన రైతుకు."

"యజమానికి?"

"లేదు. మెమో ఇచ్చాం."

"రాజీనామా చేసిన రైతుకు?"

"రాజీనామా చేసినవారు మరల రైతు కావడానికి శాశ్వతంగా అనర్హులు."

"ఇంకెవరూ దిగరా?"

"కూలీలు దిగుతారు. రైతు పిలిచినప్పుడు."

"కూలీలకి పరీక్ష ఉందా సార్?"

చిదానందం గారు నవ్వారు. "కూలీలకా? వాళ్ళకేం అర్హతలమ్మా! ఎవరైనా రావచ్చు."

"స్వస్థలమైనా?"

"కూలీకి స్వస్థలమేమిటి!"

తిరుపతమ్మ ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది. పిచ్చయ్యకు కూతురు ఏం రాస్తోందో అర్థమైంది. హాస్టలు, కోచింగు, లడ్డూలు, హారతి ఒక్కొక్కటే ఆయన ముఖం మీదుగా వెళ్ళిపోయాయి. చెయ్యి పట్టుకుని ఆపుదామని ముందుకు జరిగి, కొంగ గుర్తొచ్చి ఆగిపోయాడు.

"రాయమ్మా" అన్నాడు. "తొందరగా రాయి."

చిదానందం గారు రాజీనామా అందుకుని విచారం వెలిబుచ్చారు. "ఇంత కష్టపడి రైతై, చేతులారా వదులుకుంటున్నారు. మీ తండ్రిగారికి ఎంత బాధ!"

పక్క హాల్లో నీటి యాజమాన్యం మీద శిక్షణ జరుగుతోంది. తెర మీద ఎవరో ఎడారి బొమ్మ చూపిస్తున్నారు. టీ విరామానికి వరండాలోకి వచ్చిన దొరబాబు ముందు తండ్రీ కూతుళ్ళు నిలబడ్డారు.

"కూలికి మనుషులు కావాలా అయ్యా?" అంది తిరుపతమ్మ.

దొరబాబు టీ గ్లాసు కింద పెట్టేశాడు. రెండు క్షణాలకు విషయం అర్థమైంది. అతని కళ్ళు తడిశాయి.

"ఆయ్, కావాలండీ! ఇప్పుడే కావాలండీ!"

"మరి పని చెప్పండి. పిలిచినట్టుండాలి."

"ఏం చెయ్యాలో మీరే చెప్పండీ, నేను చెయ్యమంటానండీ."

"గట్టు తెంపాలి."

"గట్టు తెంపండీ!" అన్నాడు దొరబాబు, ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి అధికారంగా.

ఒంటిగంట ఎండలో తిరుపతమ్మ తలగుడ్డ చుట్టి చేలో దిగింది. పిచ్చయ్య మెమో మడిచి జేబులో పెట్టుకుని, కూలీ హోదాలో తన పొలంలో తాను అడుగుపెట్టాడు. ఇద్దరూ చెరో మూలా గండి కొట్టారు. నీళ్ళు దబదబా బోదె కాలవలోకి దిగాయి. కొంగ కాసేపు చూసి, లేచి ఎటో వెళ్ళిపోయింది.

పల్లం వైపు సాళ్ళు కొన్ని పోయాయి. మిగతా చేను తేరుకుంది. పోయిన చోట పక్క ఊరి నుంచి నారు తెచ్చి నాటారు. ఆదెమ్మ కూడా కూలికి వచ్చింది. రోజూ పొద్దున పది గంటలకు దొరబాబు గట్టు మీద నిలబడి హాజరు ఫొటో దిగేవాడు. ఆ తర్వాత "ఇవాళ ఏం చెయ్యమని చెప్పాలండీ?" అని తిరుపతమ్మను అడిగేవాడు. ఆమె చెప్పినదాన్ని ఆమెకే చెప్పేవాడు. అయిదు దాటాక హాజరు వేసి వెళ్ళిపోయేవాడు. కూలీలకు వేళల్లేవు గనుక ఆ తర్వాత కూడా పని సాగేది. పెదలంకపాలెంలో మంగతాయారు గారు తన చేలో తానే కూలికి వెళ్తున్నారని ఫోనులో తెలిసింది. గొడుగు మాత్రం వదల్లేదట.

కాయ ఎర్రబడే వేళకు దొరబాబు ఉత్తమ రైతుగా ఎంపికయ్యాడు. పల్నాడులో మిరపను అర్థం చేసుకున్న తొలి కోనసీమ అధికారి అని పేపర్లో వేశారు. శాలువా కప్పడానికి చిదానందం గారు ఫొటోలు తీసేవాళ్ళతో చేలోకే వచ్చారు.

దొరబాబు శాలువా కప్పుకుని నిలువెల్లా కుంచించుకుపోయాడు. "ఆయ్, ఇందులో నాదేం లేదండీ, వీళ్ళేనండీ" అని ఎంత చెప్పినా, అది అతని వినయమని అందరూ మెచ్చుకున్నారు.

చిదానందం గారి దృష్టి సాళ్ళలో వంగి ఉన్న కూలీల మీద పడింది. ఇలాంటి వాళ్ళతో నాలుగు మంచి మాటలు మాట్లాడితే ఫొటో బాగా వస్తుందని ఆయనకు తెలుసు. దగ్గరగా ఉన్న పిల్లను పలకరించారు. రోజుకు ఎన్నో ముఖాలు చూసే మనిషి, తలగుడ్డ కింద ముఖం గుర్తుపట్టలేదు.

"ఏమ్మా, ఏమన్నా చదువుకున్నావా?"

తిరుపతమ్మ వంగినదల్లా లేచి నిలబడింది. "బీయెస్సీ సార్."

చిదానందం గారికి నిజంగానే జాలేసింది.

"అయ్యో, బీయెస్సీ చదివి కూలికొస్తున్నావా తల్లీ! కాస్త కష్టపడితే రైతువయ్యేదానివి గదా!"

వెనక సాలులో పిచ్చయ్యకు దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గాడు. ఆదెమ్మ ఆయన వీపు మీద ఒకటి చరిచింది.

"చదువు తలకెక్కలేదు సార్" అంది తిరుపతమ్మ.

"నిరుత్సాహపడకూడదు. వచ్చే నెల మళ్ళీ నోటిఫికేషన్ ఇస్తున్నాం. ఎక్కడో ఒక పోస్టు ఖాళీ అయింది." ఆయన ఫొటో తీసేవాడి వైపు చూసి, "కొంచెం పక్కకు జరుగమ్మా, రైతు కనపడటం లేదు" అన్నారు.

తిరుపతమ్మ పక్క సాలుకు జరిగింది. అక్కడా కలుపుంది.